పొందూరు సన్న ఖాదీ: ‘ఎలిగెంట్’ అన్న మాటకు తగిన నేత

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల బట్టల దుకాణాల్లో ఇప్పుడు ఏ చీర చేతికి తీసుకున్నా దానికి వేలాడే అట్టముక్క మీద ‘ఎలిగెంట్’ అన్న ఇంగ్లీషు విశేషణం కనబడుతోంది. జరీ నిండిన పట్టు చీరకూ అదే మాట, పూలు అచ్చువేసిన సింథటిక్ చీరకూ అదే మాట, రాళ్లూ అద్దాలూ కుట్టిన లంగావోణీకీ అదే మాట. మా అప్ప కూతురి పెళ్లికి అమ్మకు ఒక చీర, కన్యాదానం చేసే మా బావగారికి ఒక పంచె తీసుకోవలసి వచ్చినప్పుడు, ఆ మాటకు నిజంగా తగిన బట్టను మన పక్కనే నేస్తూ ఉండగా ఇంకెక్కడో వెదకడం దేనికని పొందూరు వెళ్లి సన్న ఖాదీ తెచ్చుకున్నాము. పెళ్లిలో కట్టి, ఆ తర్వాత పలుమార్లు ఉతికి, మళ్లీ కట్టి చూసిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. బట్ట నాణ్యతతో పాటు ఆ ఇంగ్లీషు మాట అర్థాన్నీ వాడుకనూ కూడా కొంత వివరంగా చర్చిస్తున్నాను. ఏ గుణం ఉంటే ఒక బట్టను ఎలిగెంట్ అనవచ్చునో తెలిసినప్పుడే దానికి పెట్టే డబ్బు సబబో కాదో తేలుతుంది.

ఈ మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దం చివరలో ఇంగ్లీషులోకి వచ్చింది. దీని మూలంలో ఉన్న క్రియకు ‘ఎంచుకొను’ అని అర్థం; మనం నిత్యం వినే ఎలక్షన్, ఎలైట్ అన్న మాటలు కూడా ఆ కుదురు నుంచే పుట్టాయి. అంచేత ఈ విశేషణం చెప్పే అందం ఉన్నదంతా పైకి చూపించే అందం కాదు. ఏది ఉండాలో ఎంచి, ఏది అక్కరలేదో తీసివేసి, మిగిలినదాన్ని పొందికగా కూర్చినప్పుడు కలిగే అందం. పాత లాటిన్‌లో ఇది మొదట మెప్పు మాట కాదు, బట్టల విషయంలోనూ తిండి విషయంలోనూ అతిగా ఏరుకునేవాణ్ణి తప్పుపట్టడానికి వాడిన మాట. కాలక్రమంలో ఏరుకోవడంలో ఉన్న అతి పోయి, అభిరుచి మాత్రం మిగిలి, అది ప్రశంసగా మారింది. మితంగా ఉండాలన్న షరతు ఇంగ్లీషులో నేటికీ సడలలేదు. గణితంలో ఒక ఫలితాన్ని చుట్టుదారి పట్టకుండా, ఒక్క మెట్టు కూడా వృథా కాకుండా నాలుగు పంక్తుల్లో రాబట్టిన నిరూపణను ఎలిగెంట్ అంటారు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు కూడా తక్కువ రాతతో ఎక్కువ పని చేయించిన కోడ్‌ను ఇదే మాటతో మెచ్చుకుంటారు. అక్కడ రంగు లేదు, మెరుపు లేదు, అయినా మాట చక్కగా అతుకుతుంది.

మనుషుల విషయంలో ఇది నడకకు, నిలబడే తీరుకు, బట్ట కట్టుకు, మాటకు, చేతిరాతకు చెల్లుతుంది. పసిపాపను ఎవరూ ఎలిగెంట్ అనరు. పసిపాప అందంలో ఎంపిక అన్నది లేదు కదా. కొండను, సముద్రాన్ని కూడా అనరు. ఒంటినిండా నగలతో, ముదురు రంగు పట్టుచీరలో మెరిసే పెళ్లికూతురికి గార్జియస్ అన్న మాట నప్పుతుంది, అది నిండుదనాన్నీ వెలుగునూ చెప్పే మాట కనుక. ఎలిగెంట్‌కు దగ్గరగా కనబడే ఎక్స్‌క్విజిట్ అన్న మరో విశేషణం ఉంది. దాని లాటిన్ మూలానికి ‘వెదకి తీయు’ అని అర్థం, అంచేత పనితనం అతి సూక్ష్మంగా ఉన్నచోట దాన్ని వాడతారు. ముట్టుకుంటే ఓర్చుకోలేని నొప్పిని కూడా వైద్యులు ఇంగ్లీషులో అదే విశేషణంతో చెప్పడాన్ని బట్టి, ఆ మాటలో ఒక తీవ్రత ఉందని తెలుస్తుంది. ఎలిగెంట్‌లో ఆ తీవ్రత లేదు, అది నెమ్మదైన మాట. మన వాడుకలో ఒక వస్తువు నాజూగ్గానూ ఉండి, హుందాగానూ ఉన్నప్పుడు మాత్రమే నేను దానికి ఈ మాట వాడతాను. నాజూకు మాత్రమే ఉంటే అది బలహీనంగా తోచవచ్చు, హుందాతనం మాత్రమే ఉంటే బరువుగా తోచవచ్చు.

ఇప్పుడు బట్ట సంగతి. అమ్మకు తీసుకున్న చీర పత్తి తన సహజమైన రంగులో ఉన్నది, పాల తెలుపు కాదు, కొద్దిగా మీగడ ఛాయ. సన్నని ముదురు ఎరుపు అంచు, కొంగులో అదే రంగు గీతలు, అంతకుమించి ఏ అలంకారమూ లేదు. బావగారి పంచెకు అంతకన్నా సన్నని అంచు. దుకాణంలో బట్టలు చూపించిన పెద్దాయన, అమ్మ అంచు రంగుల గురించి అడుగుతూ ఉండగా, “అంచు చూసి కొనకండమ్మా, ముందు గుడ్డ పట్టుకొని చూడండి,” అని చీర మడత విప్పి గుమ్మం వెలుతురుకు ఎదురుగా పట్టారు. అప్పుడు ప్రతి పోగూ విడివిడిగా కనబడింది. చేతి వడుకు కనుక పోగు ఒక చోట వెంట్రుకవాసి సన్నబడి, మరొక చోట వెంట్రుకవాసి లావెక్కుతుంది. మిల్లు నూలులో ఈ తేడా ఉండదు. ఆ స్వల్పమైన ఎచ్చుతగ్గుల వల్లే బట్ట మీద వెలుతురు అద్దంలా తళుక్కుమనకుండా అంతటా మెత్తగా పరుచుకుంటుంది. పట్టుకుంటే చేతిలో బరువు ఉన్నట్టే అనిపించదు. అయితే నలిపి వదిలినప్పుడు పోగులు పక్కకు జరిగిపోకుండా ఉన్నచోటనే నిలిచాయి. సన్నదనంతో పాటు నేత గట్టిదనం కూడా ఉన్నదనడానికి నేను చూసిన గుర్తు అదే.

ఈ గుణం ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే పత్తి నుంచి మొదలుపెట్టాలి. పొందూరు సన్న ఖాదీకి వాడేది కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి వంటి స్థానిక రకాలు. గింజతో ఉన్న పత్తిని మొదట వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. వాలుగ మంచినీటి చేప. దాని దవడలో సన్నని పళ్లు ఒత్తుగా, వరసగా ఉంటాయి. ఆ పళ్ల మధ్య నుంచి లాగినప్పుడు ఆకు నలుసు, మట్టి, పుచ్చు పోగు అన్నీ రాలిపోయి, మంచి పోగులు మాత్రం ఒకే దిక్కుకు సాగి నిలుస్తాయి. ఇనుప దువ్వెనలూ యంత్రాలూ వచ్చిన ఇంత కాలానికి కూడా ఇక్కడివారు ఈ దవడను వదలకపోవడానికి కారణం ఆచారం మీది మమకారం ఒక్కటే కాదు. పోగును తెంపకుండా దువ్వగలగడం దాని ప్రత్యేకత. ఆ తరువాత పీట మీద ఇనుప కడ్డీని దొర్లించి గింజ వేరు చేస్తారు. దూదిని చిన్న వింటితో ఏకి, మెత్తబరచి, ఏకులుగా చుట్టి, ఆ ఏకులకు దుమ్మూ చెమటా తగలకుండా ఎండిన అరటి దవ్వలో పెట్టుకొని, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఈ పనులన్నీ ఎక్కువగా ఇళ్లలో ఆడవారి చేతుల మీదుగానే జరుగుతాయి.

ఇందులో ప్రతి దశలోనూ జరుగుతున్నది తీసివేతే అన్న సంగతి గమనించదగినది. నలుసు పోతుంది, గింజ పోతుంది, ముద్ద కట్టిన దూది పోతుంది, కురచ పోగు పోతుంది. కలిపేదంటూ ఏదీ లేదు. ఎంచి తీసిన అందం అని ఆ ఇంగ్లీషు విశేషణం దేన్ని చెబుతోందో అది ఇక్కడ నేత మొదలుకాకముందే, పత్తి దగ్గరే జరిగిపోతోంది. జరీ అద్ది, రాయి కుట్టి, మెరుపు పూత పూసి తయారైన బట్ట ఎంత ఖరీదైనదైనా దాని దారి వేరు. ఆ దారి తప్పని నేను అనడం లేదు. దానికి వేరే మెప్పు మాటలు ఉన్నాయి, వాటిని వాడవచ్చు.

సన్నదనాన్ని అంకెల్లో చెప్పుకోవాలంటే నూలు కౌంటు చూడాలి. పొందూరులో 100 కౌంటు, ఆ పైన కూడా చేత్తో వడకగలవారు ఉన్నారు. మిల్లు నూలుకు వాడే ఇంగ్లీషు లెక్క ప్రకారం, 840 గజాల నూలు చిలపలు (చుట్టలు) ఒక పౌను బరువుకు ఎన్ని తూగితే అది అన్ని కౌంట్ల నూలు. అంటే ఆ లెక్కలో 100 కౌంటు నూలు ఒక పౌనుకు 84,000 గజాలు. ఒక గ్రాము దూదిని దాదాపు 169 మీటర్ల పొడవున సాగదీసినట్టు. కదురు తిప్పే చెయ్యి ఒకటి, ఏకు పట్టిన చెయ్యి ఒకటి, ఈ రెండింటి మధ్య పోగు తెగకుండా అంత పొడవు సాగిందని తెలిశాక చీర ధర గురించి మా ఇంట్లో ఎవరూ మళ్లీ మాట్లాడలేదు.

ఈ నేతకు ఉన్న పేరు కొత్తది కాదు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో గాంధీజీ ఇక్కడి ఖద్దరు సన్నదనాన్ని గురించి విని, చూసి రమ్మని కుమారుడు దేవదాస్ గాంధీని పంపారని పొందూరులో నేటికీ చెప్పుకుంటారు. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది. పంచెకట్టుకు పేరుపడిన అక్కినేని నాగేశ్వరరావు వంటివారు పొందూరు పంచెలను ఇష్టపడి కట్టేవారు. ఆ పంచెను ఒకసారి కట్టి చూస్తే ఆ ఇష్టానికి కారణం తెలుస్తుంది, అది కుచ్చిళ్లలో పడే తీరు అలాంటిది.

పెళ్లి ఎండాకాలంలో జరిగింది. ఉత్తరాంధ్ర ఉక్కపోత ఎరిగినవారికి ఆ రోజుల్లో హోమగుండం పక్కన కూర్చోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మామూలుగా పట్టు పంచె కట్టి కూర్చున్నవారు ఉత్తరీయంతో విసురుకుంటూనే ఉంటారు. బావగారు కన్యాదానం తంతు అంతా ఆ ఖాదీ పంచెతో కూర్చొని, లేచాక కూడా అది ఒంటికి అంటుకోలేదన్నారు. చేతి వడుకు నూలులో పురి మరీ బిగుసుగా ఉండదు కనుక అది చెమటను త్వరగా పీల్చుకొని, అంతే త్వరగా గాలికి విడిచిపెడుతుంది. అమ్మ చీర విషయంలో నేను చూసినది మరొకటి. పట్టుచీరల మధ్య ఆ చీర కంటికి ముందుగా ఆనలేదు. అమ్మ నడిచి వస్తున్నప్పుడు మాత్రం కుచ్చిళ్లు పాదాల దగ్గర విడిపోకుండా కలిసి కదలడం, కొంగు భుజం మీద నిలిచినచోట నిలవడం దూరం నుంచే తెలిసింది. తరువాత ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు దగ్గరకు వచ్చి అంచు పట్టుకొని చూసి, ఎక్కడిదని అడిగారు. నడకకూ కట్టుకూ ఆ విశేషణం ఎందుకు చెల్లుతుందో నాకు అక్కడ ఉదాహరణతో సహా కనబడింది.

లోపాలు కూడా ఉన్నాయి, అవి దాచితే సమీక్షకు అర్థం లేదు. ఈ బట్ట త్వరగా నలుగుతుంది. బస్సులో గంట కూర్చొని లేస్తే వెనుక మడతలు తేలతాయి, గంజి పెట్టి ఇస్త్రీ చేయకపోతే మొదటి రోజు ఉన్న నిలుపు రెండో కట్టుకు రాదు. లేత రంగు చీర సన్నదనం వల్ల వెలుతురులో లోపలిది కనబడుతుంది, అందుకు మందపాటి నూలు లంగా తప్పనిసరి. మొదటి ఉతుకులో పొడవు కొంచెం తగ్గింది, జాకెట్టు ముక్క కూడా అంతే, కనుక కుట్టించే ముందే తడిపి ఆరబెట్టుకోవడం మంచిది. వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. చన్నీళ్లలో మెత్తని సబ్బుతో జాడించి, పిండకుండా నీడన ఆరవేయాలి. ఉద్యోగానికి రోజూ వెళ్లివచ్చేవారికి ఇంత శ్రద్ధ కుదరకపోవచ్చు. ధర కూడా మామూలు మిల్లు నూలు చీర ధరకు చాలా రెట్లు ఉంటుంది. కౌంటు పెరిగిన కొద్దీ అది నిటారుగా పెరుగుతుంది.

దుకాణం సంగతి చెప్పాలంటే, చూపించడంలో ఓపిక ఉంది, తొందరపెట్టడం లేదు, ఒక బట్టను పొగుడుతూ మరొకదాన్ని తీసిపారేయడం లేదు. పెద్దాయన ఒక్కొక్క మడతా విప్పి, కౌంటు ఎంతో, ఎక్కడ పోగు అతుకుపడిందో కూడా తానే చూపించారు. కానీ ఆ వివరాలన్నీ నోటిమాటగానే ఉండిపోయాయి. బట్టకు కట్టిన చీటీ మీద ధర, కొలత తప్ప కౌంటు లేదు, ఏ రకం పత్తో లేదు, వడికినవారి పేరూ నేసినవారి పేరూ లేవు. విజయనగరంలో ఏమీ చెప్పని అట్టముక్కల మీద పెద్ద పెద్ద విశేషణాలు ఉండగా, ఇంత చెప్పుకోదగిన బట్ట మీద చెప్పవలసిన నాలుగు ముక్కలు కూడా లేకపోవడం నాకు బాధ కలిగించింది. విశేషణం అక్కరలేదు, కౌంటు, పత్తి, చేతులు ఎవరివో రాస్తే చాలు, కొనేవారు తక్కినది గుడ్డ పట్టుకొని తెలుసుకుంటారు.

చీటీ లేకపోవడం వల్ల కలిగే నష్టం మరొకటి ఉంది. పొందూరు పేరుతో మిల్లు నూలు బట్టా, మరమగ్గం బట్టా పట్టణాల్లో చలామణి అవుతున్నాయి. చేనేత అంటే మగ్గం మీద చేత్తో నేసినది. దానికి వాడిన నూలు మిల్లుది కావచ్చు. ఖాదీ అంటే నూలు కూడా చేత్తో వడికినది అయి ఉండాలి. ఈ తేడా తెలియక చాలామంది చేనేత చీరను ఖాదీ ధరకు కొంటున్నారు. ఖాదీగా అమ్మే బట్టకు ఖాదీ మార్కు ఉండాలన్న నిబంధనలు 2013లో వచ్చాయి, కనుక ఆ మార్కు అడగడం కొనేవారి హక్కు. మార్కుతో పాటు నేను చెప్పిన వెలుతురు పరీక్ష చేయాలి. పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డపోగులు) రెండింటిలోనూ పోగు మందంలో చిన్న చిన్న తేడాలు కనబడితే చేతి వడుకు అనుకోవచ్చు, ఒకే తీరున గీత గీసినట్టు ఉంటే సందేహించవలసిందే. పోగు తేడా కనబడాలని కావాలనే అక్కడక్కడా లావుగా తయారుచేసిన మిల్లు నూలు కూడా దొరుకుతోంది. అందులో లావైన చోట్లు మరీ లావుగా, ఒక లెక్క ప్రకారం వచ్చినట్టు ఉంటాయి, కొంచెం నిదానంగా చూస్తే తెలిసిపోతుంది.

దుకాణంలో జామ్దానీ చీర ఒకటి కూడా చూశాము. ఒక్కొక్క పువ్వుకూ విడి పేక పోగును మగ్గం మీదనే చేత్తో ఎక్కించి నేసే పద్ధతి అది. పువ్వు వెనుక వైపు కూడా ముడి కనబడకుండా, గుడ్డలోనే పుట్టినట్టు ఉంటుంది. దానికి ఎక్స్‌క్విజిట్ అన్న మాటే నప్పుతుంది. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, పక్కన పెట్టి, సాదా చీరే తీసుకున్నది. రెండూ పక్కపక్కన పరిచినప్పుడు జామ్దానీలో నేతగాడి చెయ్యి ముందుగా కనబడింది, సాదా చీరలో దాన్ని కట్టుకోబోయే మనిషి కనబడింది. నన్ను అడిగితే ఎలిగెంట్ అన్న మాట ఆ రెండో చీరదే. జామ్దానీ తక్కువ పని అని మాత్రం దీని అర్థం కాదు. పెళ్లికూతురికి రెండో పూట కట్టుకు అంతకన్నా మంచి బట్టను నేను సూచించలేను.

కొనదలచినవారికి కొన్ని సంగతులు. పొందూరు శ్రీకాకుళం జిల్లాలో, శ్రీకాకుళం రోడ్, చీపురుపల్లి స్టేషన్ల మధ్య హౌరా–చెన్నై రైలుమార్గం మీదే ఉంది, కనుక విజయనగరం నుంచి వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చు. గాంధీ జయంతి రోజుల్లో ఖాదీ మీద రిబేటు ఇస్తారు; పెళ్లి కోసం కాకపోతే అప్పటిదాకా ఆగడం లాభం. ఎక్కువ కౌంటు పంచెలు, జామ్దానీ చీరలు ఎప్పుడు వెళితే అప్పుడు దొరకవు, ముహూర్తానికి బాగా ముందుగా చెప్పి ఉంచుకోవాలి. రోజువారీ కట్టుకు తక్కువ కౌంటు ఖాదీ తీసుకుంటే ధరా తగ్గుతుంది, నలుగుడూ కొంత తగ్గుతుంది. ఏది కొన్నా నూలు కౌంటునూ పత్తి రకాన్నీ బిల్లు మీద రాసి ఇమ్మని అడగండి. మేము అడిగితే పెద్దాయన అభ్యంతరం చెప్పకుండా బిల్లు వెనుక తన చేత్తో రాసి ఇచ్చారు.